వదనిక ఊపిరి

హైమవతి ఇంటి బాల్కనీలో మనిషి నిలబడాలంటే ముందు మొక్కలు ఒప్పుకోవాలి. కమ్మీల నిండా కొబ్బరిపీచు బుట్టలు, వాటిలోంచి జడపాయల్లా గాల్లోకి దిగిన వేళ్లు, కింద బొగ్గుముక్కలూ పెంకుముక్కలూ నింపిన కుండీలు. బట్టలారేసుకునే తీగ ఎప్పుడో ఆర్కిడ్ల పరమైపోయింది. భర్త తులసీరావు లుంగీలు హాల్లో ఫ్యాను కిందే ఆరాలి.

"ఈ ఇంట్లో గాలంతా మొక్కలకీ, ఉక్కంతా మొగుడికీనేటి?" అనేవాడాయన.

"మీరు కూడా కిక్కురుమనకుండా వేలాడండి, మీకూ నీళ్లు జల్లుతాను" అనేది ఆవిడ.

విశాఖలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతుంది హైమవతి. ఏ లెక్కకీ లొంగని వస్తువు ఏదైనా ఉందంటే అది ఆర్కిడ్డేనని ఆవిడ నమ్మకం. ఎండ ఎక్కువైతే అలుగుతుంది, నీళ్లెక్కువైతే కుళ్లుతుంది, అన్నీ సరిగ్గా అమరితే మాత్రం తీరిగ్గా ఆలోచించుకుని ఎప్పుడో పూస్తుంది. ఆ బాల్కనీలో అందరికంటే మొండిది వదనిక. తుఫానుకి వీధిలో మామిడిచెట్టు కూలినప్పుడు, కొమ్మలు కోసి లారీకెత్తుతున్నవాళ్లని బతిమాలి, బెరడుతో సహా ఊడదీసుకుని తెచ్చుకుంది. మన కొండల్లో దొరికే నాటు ఆర్కిడ్ అది. కొని తెచ్చిన పరదేశపు మొక్కలన్నీ ఏడాదికో మాటు పూస్తున్నా, ఇది మాత్రం ఆకులేసుకుంటూ కూర్చుంది తప్ప ఒక్క మొగ్గ కూడా చూపించలేదు. ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదారంగు నాలుక, అగరుబత్తి లాంటి వాసన ఉంటుందని ఆవిడ వినడమే గానీ చూసింది లేదు.

తులసీరావు చెల్లెలు పద్మలోచని విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రవేత్త. వదినకూ ఆడపడుచుకూ మొదట్నించీ పడేది, ఆర్కిడ్ల మూలాన మరీ పడింది. ఓరోజు లోచని బొటనవేలంత సీసా ఒకటి తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

"వదినా, ఆర్కిడ్ గింజకి మిగతా గింజల్లాగ చద్దిమూట ఉండదు తెలుసు కదా. ఏదో బూజు వచ్చి తిండి పెడితేనే మొలకెత్తుతుంది. ఆ బూజుని మా ల్యాబులో కొద్దిగా మార్చాం. వేళ్లలో చేరిందంటే పెద్ద మొక్కకైనా బలమొస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి వెంటనే పోసీ. నీ మొండిఘటానికి పనికొస్తుందేమో చూద్దాం."

హైమవతి సీసాని వెలుతురులోకి పట్టి చూసింది. ఇంత చుక్క అన్ని వేళ్లకీ ఎక్కడ చాలుతుంది? గరిటెడు మజ్జిగతో గిన్నెడు పెరుగు తోడుపెట్టుకునే ఇల్లాలికి అది పెద్ద సమస్యగా తోచలేదు. బియ్యం కడిగిన నీళ్లు గోరువెచ్చగా కాచి, వేలు ముంచి చూసుకుని, సీసాలోది అందులో వేసి, ముంత మీద గుడ్డ కప్పి పొయ్యి పక్కన పెట్టింది. మర్నాటికి పైన తెల్లటి మీగడలాంటిది కట్టింది. అది పట్టుకెళ్లి వదనిక వేళ్లకి పోసింది. ఆ తర్వాత వారానికోసారి బియ్యం కడుగు కూడా పోస్తూ వచ్చింది. ల్యాబులో ఆ బూజుకి నోరు తిరగని పేరేదో ఉంది గానీ, ఆ ఇంట్లో మాత్రం దానికి "తోడు" అన్న పేరే స్థిరపడింది.

తులసీరావు సంగతి చెప్పాలి. ఆయన ఊరిబయట రాతి క్రషర్లో లారీలు తూకం వేసే ఉద్యోగం చేశాడు. రాళ్లు పగిలినప్పుడు లేచే దుమ్ము రాత్రీ పగలూ ఆయన కిటికీలోంచే పోయేది. రిటైరయ్యాక గానీ ఆ దుమ్ము ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని, గట్టిపడ్డది మళ్లీ మెత్తబడదని డాక్టర్లు చెప్పేశారు. చొక్కా తొడుక్కుంటే గుండీలు పెట్టుకోడానికి ఓసారి కూర్చుని లేవాల్సి వచ్చేది. హాల్లో మూల ఆక్సిజన్ మిషను వచ్చి చేరింది. మాటకు మాట తగిలించే మనిషి కాస్తా మాటకీ మాటకీ మధ్య ఆగి ఎగపోయడం మొదలుపెట్టాడు. హైమవతి స్కూలు నుంచి ఇంటికొచ్చి తాళం తీస్తూ, లోపల్నించి దగ్గు వినపడితే హమ్మయ్య అనుకునేది.

తోడు పోసిన ఏడాదే వచ్చింది మార్పు. పొద్దున్నే పేపరు చదవడానికి ఆయన బాల్కనీలో వదనిక కింద కుర్చీ వేసుకునేవాడు. అక్కడైతే చల్లగా ఉంటుందనే తప్ప ఇంకే ఉద్దేశమూ లేదు. ఓరోజు లిఫ్టు పాడైంది. కూరలు తెస్తానని దిగిన మనిషి మూడంతస్తులూ ఎక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఆనపకాయ లేతగా ఉందని అంటాడు గానీ ఆడి మొహం కంటే ముదురుగా ఉందే" అన్నాడు. ఆగకుండా, ఎగపోయకుండా, ఒక్క ఊపిరిలో. హైమవతి ఆయన చేతిలో సంచీ అందుకుని అక్కడే నిలబడి భోరుమంది.

"ఆనపకాయ ముదిరిపోతే ఏడుస్తారేటి ఎవరైనా?" అన్నాడాయన బిత్తరపోయి.

లోచని వినగానే పరుగెత్తుకొచ్చింది. అన్నయ్య ఊపిరి మెరుగవడం పుస్తకాల్లో లేని సంగతి. ఇంట్లో ఏం మారిందని వదినను గుచ్చి గుచ్చి అడిగింది. బియ్యం కడుగులో తోడుపెట్టిన వైనం విని తల పట్టుకుంది, తర్వాత పడీ పడీ నవ్వింది. ఆపైన పరిశోధన ఆ బాల్కనీలోనే జరిగింది. ఒక్కో మొక్కనీ తీసి పక్కింటివాళ్ల బాల్కనీలో పెట్టించేది. అన్నయ్య వేలికి క్లిప్పు తగిలించి అంకెలు చూసేది. అన్ని మొక్కలూ తీసినా ఆయనకేం కాలేదు. వదనికను తీస్తే మాత్రం రెండ్రోజుల్లో ఆయాసం మొదలైంది. దాని మీద పెద్ద గాజుబుర్ర బోర్లించి, ఆకుల మీంచి గాలి లాగి పట్టుకెళ్లింది.

"నా ఏలికి క్లిప్పు, దానికి గాజు ముసుగు. మమ్మల్నిద్దర్నీ పెళ్లిపీటల మీద కూకోబెట్టినట్టుంది" అన్నాడు తులసీరావు.

ల్యాబులో తేలింది ఇదీ. లోచని మార్చిన బూజు, హైమవతి వంటింటి ముంతలో ఉన్న ఏదో సూక్ష్మజీవితో జతకట్టింది. ఆ జంట వదనిక వేళ్లలో కాపురం పెట్టి ఒక పదార్థం తయారుచేస్తోంది. మొక్క దాన్ని పొద్దుటిపూట ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతోంది. ఆ ఆవిరి గట్టిపడ్డ ఊపిరితిత్తిని కొంచెం కొంచెంగా సడలిస్తోంది. పీలుస్తున్నన్నాళ్లే దాని పని, మానేస్తే మళ్లీ బిగుసుకుంటుంది.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఎవడన్నాడో గానీ, వాడికి మా వదిన పెరడు తెలీదు" అంది లోచని.

ఆ రోజుల్లో హైమవతికి ఎవర్ని చూసినా దణ్ణం పెట్టాలనిపించేది. కూలిన మామిడిచెట్టుకీ, కొమ్మ ఇచ్చినవాళ్లకీ, ఆడపడుచుకీ, చివరికి బియ్యపు డబ్బాకి కూడా. వదనిక మొదలు దగ్గర రెండు పిలకలొచ్చాయి. ఒకటి లోచని ల్యాబుకి పట్టుకెళ్లింది. రెండోది చంద్రమతి అడిగింది. చంద్రమతి టెలిఫోన్ ఎక్స్చేంజిలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి, ఊళ్లో ఆర్కిడ్లు పెంచేవాళ్లందరికీ పెద్దక్క. పిలక అడిగితే కాదనకూడదని ఈ పిచ్చి ఉన్నవాళ్లలో రివాజు. ఆ రివాజు మీదే సగం మొక్కలు హైమవతి ఇంటికి చేరాయి. బియ్యం కడుగు పోయమని చెప్పి సంతోషంగా ఇచ్చింది.

ఆ మరుసటి వేసవిలో వదనిక ఆకుల మధ్య నుంచి మొగ్గకాడ పొడుచుకొచ్చింది.

హైమవతి గంతులేయలేదు గానీ, వేసినంత పనిచేసింది. స్కూల్లో స్టాఫ్‌రూమందరికీ సున్నుండలు పంచింది. ఏమిటి విశేషమని అడిగితే, "మా ఇంట్లో మొగ్గేసింది" అంది. ఒక్కో పువ్వూ విచ్చుకుంటుంటే రేకుల మీది గళ్లను వేలితో తాకకుండా గాల్లోనే తడిమింది. అనుకున్నట్టే అగరు వాసన ఇల్లంతా నిండింది. వారం తిరిగేసరికి తులసీరావు పేపరు చదవడం మానేసి కళ్లు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ మరో వారానికి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

లోచని పువ్వుని కోసుకెళ్లి పరీక్షించి, సాయంత్రం ఆస్పత్రి వరండాలో వదిన పక్కన కూలబడింది.

"ఆ పదార్థమే వదినా. పూసినప్పుడు మొక్క దాన్నంతా పువ్వుకి పంపించి వాసనగా మార్చుకుంటోంది. ఆకుల్లోకి ఏమీ మిగలట్లేదు. ఊపిరైనా రావాలి, పువ్వైనా రావాలి. రెండూ రావు."

హైమవతి లేచింది. ఇంటికెళ్లి, చెప్పులు కూడా విప్పకుండా బాల్కనీలోకి నడిచి, కత్తెరతో ఆ కాడని మొదలంటా కోసేసింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పువ్వుని కోసినందుకు ఏడుపొచ్చింది. కోస్తే సరిపోయేంత చిన్న ధరకి మొగుడు దక్కుతున్నందుకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది. రెంటికీ కలిపి ఒకేసారి ఏడ్చి, మొహం కడుక్కుని ఆస్పత్రికి తిరిగొచ్చింది.

కోలుకుని ఇంటికొచ్చిన తులసీరావు బోసిగా ఉన్న బుట్టని చూశాడు.

"తెంపీసావేటి? నాకోసరం?"

"మీకోసమేం కాదు. ఆ వాసనకి తలనొప్పి వచ్చింది" అంది హైమవతి.

ఆయన ఆ రోజంతా ఆవిడ వెనకాలే తిరిగాడు. సాయంత్రం తనే ఉప్మా చేసిపెట్టాడు, ఉప్పు రెండుసార్లు వేసి. ఆవిడ వంక పెట్టకుండా తింది.

అప్పట్నించీ ఏటేటా మొగ్గకాడ తల పెట్టగానే హైమవతి గోటితో తుంచేసేది. తుంచే ముందు ఒక్క క్షణం ఆకుని నిమిరేది. తులసీరావు ఆ పూట బజారు పనేదో కల్పించుకుని బయటికి పోయేవాడు. ల్యాబులో లోచని నానా తంటాలూ పడుతోంది. అక్కడి పిలక గాజుగదిలో నిగనిగలాడుతూ పెరిగింది, ఆవిరి మాత్రం ఇవ్వలేదు. వదిన వంటింటి నుంచి ముంతతో సహా తెచ్చి పోసినా, వడకట్టిన గాలిలో ఆ రెండో జీవి నాలుగు రోజులు కూడా నిలబడలేదు. ఇంట గెలిచిన మొక్క రచ్చ గెలవలేకపోయింది.

"మా గదిలో శుభ్రం మరీ ఎక్కువైపోయింది వదినా. శుభ్రం తగ్గిస్తే వేరే బూజు తినేస్తోంది. ఇంకా సమయం పడుతుంది" అనేది లోచని. దుమ్ము తిన్న ఊపిరితిత్తులతో ఎంతోమంది ఆ మందు కోసం చూస్తున్నారని ఆమెకు తెలుసు.

ఈ ఏడు మొగ్గకాడ తల పెట్టే వేళకి వదనిక ఆకులు పసుపెక్కాయి. వేళ్ల కొసలు ఎండి పెళుసుబారాయి. లోచని ఒక వేరు ముక్క ల్యాబుకి పట్టుకెళ్లి చూసి, మర్నాడు ఇంటికొచ్చింది.

"తోడు ముసలిదైపోయింది" అంది. "మొక్క పూసినప్పుడే అది కూడా కొత్తగా పుంజుకుంటుందట. మనం పూయనివ్వలేదు. ఈసారి కూడా తుంచామంటే మొక్క చచ్చిపోతుంది. పూయనిస్తే నెల పైనే అన్నయ్యకి ఆవిరి ఉండదు. మిషను మీద అన్నాళ్లు ఆగే స్థితిలో ఇప్పుడు లేడు."

"పూయనీ దాన్ని" అన్నాడు తులసీరావు కుర్చీలోంచి. "నా ఊపిరి కోసరం దాని పేణం తోడేస్తన్నాం. చాల్లే. ఇన్నాళ్లిచ్చింది, దానికి దణ్ణం."

"మీరు నోరు మూసుకోండి" అంది హైమవతి. మొగుణ్ని ఆ మాట అనడం ఆవిడకదే మొదలు.

లోచని గొంతు తగ్గించింది. "చంద్రమతి గారింట్లో పిలక ఉంది కదా. అది మామూలు ఇంట్లో పెరిగింది కాబట్టి అందులో తోడు బతికే ఉంటుంది. అది ఇక్కడికొస్తే ఆ నెలా గట్టెక్కుతాం. ఒక్కటే చిక్కు. నిన్న ఆర్కిడ్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారావిడ. దానికి మొగ్గకాడ వచ్చింది."

మొగ్గ తుంచితేనే అది పనికొస్తుంది. హైమవతి ఇక్కడి వదనికను తుంచకుండా వదిలేసి, ఆటో ఎక్కి చంద్రమతి ఇంటికి వెళ్లింది. ఎలా అడగాలో దారి పొడుగునా మనసులో వల్లె వేసుకుంది.

చంద్రమతి తలుపు తీయడంతోనే చెయ్యి పట్టుకుని పెరటి వరండాలోకి లాక్కుపోయింది. "చూడు, చూడు హైమా! నువ్విచ్చిన పిలకే! నాకిప్పుడు ఎవరున్నారు చెప్పు, పొద్దున లేవగానే దీని మొహమే చూస్తున్నా. వారం పది రోజుల్లో మొదటి మొగ్గ విచ్చుతుంది." ఆవిడ కళ్లు చిన్నపిల్ల కళ్లలా మెరుస్తున్నాయి. పదేళ్లయింది ఆవిడ భర్త పోయి. ఆయనదీ ఏదో క్రషర్లో ఉద్యోగమే. పిల్లలు లేరు. గోడ మీద ఆయన ఫొటో కింద కూడా ఒక ఆర్కిడ్ బుట్టే వేలాడుతోంది.

హైమవతి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆర్కిడ్ పెంచేవాళ్లని మొదటి మొగ్గ కోసేయమని ఎలా అడుగుతారు? ఆ చెయ్యి ఎంత బరువెక్కుతుందో తనకంటే తెలిసినవాళ్లెవరు? "చాలా బావుందక్కా" అంది. కాఫీ తాగింది. స్కూలు కబుర్లు రెండు చెప్పింది. వచ్చిన పని చెప్పకుండానే ఇంటికొచ్చేసి, వంటింట్లో తలుపు వేసుకుని తన మీద తనే కోప్పడింది.

నాలుగు రోజులకి వదనిక పూసింది. ఇల్లంతా అగరు వాసన. తులసీరావు ముక్కుకి గొట్టం పెట్టుకుని, బాల్కనీలో ఆ పూలకెదురుగానే కూర్చుంటానని పట్టుబట్టాడు. ఎన్నాళ్లకో పూసిన పువ్వుని ఒంటరిగా వదలకూడదన్నాడు. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మిషను చప్పుడు వింటూ హైమవతి పువ్వు వంక చూడలేక, చూడకుండా ఉండలేక సతమతమైంది.

అది శ్రావణ శుక్రవారం. పేరంటానికొచ్చిన అపార్ట్‌మెంటు ఆడవాళ్లు శనగలు పుచ్చుకుని వెళ్లిపోయారు. హైమవతి పీటలు తీస్తుంటే గుమ్మం అవతల ఎవరో దగ్గారు. చంద్రమతి. తెల్లని నేతచీర, చేతిలో కొబ్బరిపీచు బుట్ట. బుట్టలో వదనిక పిలక. ఆకుల మధ్య మొగ్గకాడ ఉండాల్సిన చోట ఆకుపచ్చగా, తడి కూడా ఆరని కోత.

"అక్కా! ఇదేమిటి..."

"లోపలికి రాను, శుక్రవారం. తీసుకో, వెళ్తాను" అంది చంద్రమతి. హైమవతి కదలకపోవడంతో తనే చెప్పింది. "ఆవేళ వచ్చావు, బావుందన్నావు, కాఫీ తాగావు. మొగ్గలెన్నో లెక్కపెట్టలేదు. మనలాంటి పిచ్చివాళ్లు ఎవరి ఇంటికెళ్లినా ముందు చేసే పని అదే కదా! పైగా నువ్వు లెక్కల టీచరువి. ఏదో ఉందనుకున్నాను. లోచనికి ఫోన్ చేస్తే ముందు చెప్పలేదు. తిడితే చెప్పింది. పొద్దునే కోశాను. రెండ్రోజుల్లో ఆకులు ఆవిరి వదులుతాయంది, అందాకా మిషను మీద ఫరవాలేదంది."

"మీకదే కదక్కా మొదటిది..."

"మా ఆయన అదే దుమ్ముతో పోయాడు హైమా. ఆ రోజుల్లో ఒక్క మొగ్గ కోస్తే మనిషి నిలుస్తాడని ఎవరన్నా చెప్పుంటే, ఈ ఊళ్లో పువ్వన్నది మిగలనిచ్చేదాన్నా?" చంద్రమతి నవ్వబోయి మానేసింది. "నాకెవరూ చెప్పలేదు. నీకు చెప్పేవాళ్లున్నారు. పట్టు, చెయ్యి లాగుతోంది."

థాంక్స్ అన్న మాట ఈ బుట్టకి సరిపోదు. హైమవతి చంద్రమతి మోచెయ్యి పట్టుకుని గడప దాటించి, తీయబోతున్న పీటల్లో ఒకదాని మీద కూర్చోబెట్టింది. ఎదుటి పీట మీద తను కూర్చుని కొంగు చాపింది.

"ఊరికే చేతిలో పెట్టి పోతే పుచ్చుకోను. వాయనంగా ఇవ్వండి."

చంద్రమతి మొహం పాలిపోయింది. "పిచ్చిదానా! నా చేత్తో వాయనమేమిటి? నేనివ్వకూడదు. నువ్వు పుచ్చుకోకూడదు. నీ పసుపుకుంకాలకి..."

"నా పసుపుకుంకాలు ఆ బుట్టలోనే ఉన్నాయక్కా. మీ చేత్తో ఇవ్వకపోతే ఇంకెవరి చేత్తో పుచ్చుకోను?"

పదేళ్లుగా ఏ శ్రావణమాసంలోనూ ఎవరి గుమ్మమూ తొక్కని మనిషి, బుట్టని రెండు చేతులతో ఎత్తింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

మూడోసారి చంద్రమతి ఎలాగో అనగలిగింది. హైమవతికి మాత్రం గొంతు పెగల్లేదు. కొంగులో బుట్టని పట్టుకుని తల వంచుకుని కూర్చుండిపోయింది. అప్పుడు బాల్కనీలోంచి తులసీరావు, ముక్కున ఉన్న గొట్టం చేత్తో సర్దుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆ మాట తనే అన్నాడు.

"పుచ్చుకుంటిని... అమ్మా... వాయనం."